దేశం పేరును ఒంటరిగా రాసుకోకు

చిరంజీవి మనవరాలికి ఆశీస్సులు.

ఇంటర్‌లో రెండో భాషగా ఫ్రెంచ్ తీసుకుని, దేశాల పేర్లు ఒక వరుసలోనూ వాటి తెలుగు మరో వరుసలోనూ రాసి బట్టీ పడుతున్నావట. బట్టీ పట్టడాన్ని నేను తప్పుపట్టను. పరభాషలో మాటలు ఇంకెలా వస్తాయి? ఏ రూపాన్ని బట్టీ పడుతున్నావన్నదే నా పేచీ. ఏది తెలిస్తే మిగతావి దాన్నుంచి వచ్చేస్తాయో ఆ రూపాన్నే కంఠస్థం చెయ్యాలి. దేశాలకైతే అది ఆర్టికల్‌తో కలిసిన పేరు. మనకు ఏ దేశానికైనా వెళ్లడానికి 'కు', అక్కడ ఉండడానికి 'లో' సరిపోతాయి. ఫ్రెంచ్‌లో వెళ్లినా ఉన్నా ఒకటే మాట; అది మారేది దేశం పేరు లింగాన్నీ వచనాన్నీ బట్టి. ఫ్రాన్స్ స్త్రీలింగం, 'లా ఫ్రాఁస్', అందుకని 'ఆఁ ఫ్రాఁస్'. జపాన్ పుంలింగం, 'ల జపోఁ', అందుకని 'ఓ జపోఁ'. అమెరికా బహువచనం, 'లేజ్ ఏతాజ్యుని', అందుకని 'ఓజ్ ఏతాజ్యుని'. ఫలానా దేశం నుంచి వచ్చానని చెప్పాలన్నా అంతే: 'ద ఫ్రాఁస్', 'ద్యు జపోఁ', 'దేజ్ ఏతాజ్యుని'. ఒక్క చిన్న ఆర్టికల్ ఇంత పని చేసిపెడుతుంటే దాన్ని వదిలేసి రాసుకోవడం దండగ.

రాతలో చివర 'ఇ' అక్షరం ఉన్న దేశాలు స్త్రీలింగమని సూత్రం ఉందిగా, ఆర్టికల్ ఎందుకంటావేమో. సూత్రం మంచిదే. కానీ మెక్సికో, కంబోడియా, మొజాంబిక్, జింబాబ్వేల ఫ్రెంచ్ పేర్లు అదే అక్షరంతో ముగిసినా పుంలింగాలే. ఇరాన్ పుంలింగమైనా అచ్చుతో మొదలవుతుంది కనుక 'ఆఁ' తీసుకుంటుంది. క్యూబాకు అసలు ఆర్టికలే లేదు, 'ఆ క్యుబా' అంటారు. ఇలాంటివి కొన్నే కాబట్టి విడిగా గుర్తుపెట్టుకోవచ్చు. తప్పు చెప్పినా ఎదుటివాళ్లకు అర్థమవుతుందనే వాదనా ఉంది. అవుతుంది, నిజమే. అయితే మొదట్లో నాలుకకు పట్టిన తప్పును తర్వాత వదిలించుకోవడం కొత్తగా నేర్చుకోవడం కన్నా కష్టం.

జాతీయతల్లో తాళంచెవి స్త్రీలింగ రూపం. పాఠ్యపుస్తకాలు పుంలింగం ముందిచ్చి, దానికి ఒక అక్షరం చేర్చమంటాయి; చెవికి అది తలకిందుల వరస. ఫ్రెంచివాడనే 'ఫ్రాఁసే', జర్మన్ అనే 'అల్మాఁ' విన్నవాళ్లకు స్త్రీలింగంలో ఏ హల్లు పలుకుతుందో తెలియదు. 'ఫ్రాఁసేజ్', 'అల్మాఁద్' తెలిస్తే చివరి హల్లు తీసేస్తే చాలు. బెల్జియంవాళ్ల 'బెల్జ్' రెండింటికీ ఒకటే. రాతలో మాత్రం ఒక జాగ్రత్త: మనిషిని చెప్పే నామవాచకానికి పెద్ద అక్షరం, విశేషణానికీ భాషకూ చిన్న అక్షరం. ఇంగ్లీషు అలవాటు ఇక్కడే మార్కులు తినేస్తుంది.

దిక్కులు నాలుగూ పుంలింగాలే, లింగంతో గొడవ లేదు. ఉత్తరం 'నోర్', రాతలో ఉన్న చివరి అక్షరం పలకదు; దక్షిణం 'స్యుద్'లో పలుకుతుంది. తూర్పును 'ఎస్ట్' అని పూర్తిగా పలకాలి. అదే స్పెల్లింగు 'ఉంది' అనే క్రియ అయితే వట్టి 'ఎ'. అసలు చిక్కు వాడుకలో ఉంది. బెల్జియం ఫ్రాన్స్‌కు ఉత్తరాన, బయట ఉంది: 'ఓ నోర్ ద'. లిల్ నగరం ఫ్రాన్స్ ఉత్తర భాగంలో, లోపల ఉంది: 'దాఁ ల నోర్ ద'. మాటల్లో ఫ్రెంచ్‌వాళ్లు ఒక్కోసారి ఈ గీత చెరిపేస్తారు, నువ్వు మాత్రం పాటించు. ఆంధ్రకు దక్షిణాన తమిళనాడు, ఆంధ్ర దక్షిణ భాగంలో చిత్తూరు అని మనమూ వేరుగానే చెబుతాం కనుక ఇది నీకు కొత్త కాదు.

ఇక పాత జాబితాకు ఆర్టికళ్లు చేర్చి తిరగరాయి. 1954 దాకా ఫ్రెంచ్ పాలనలో ఉన్న మన యానాం పుదుచ్చేరి పట్నానికి ఉత్తరాన ఉందని వచ్చే ఉత్తరంలో ఫ్రెంచ్‌లో రాసి పంపు. 'ఓ నోర్ ద' అంటావో, 'దాఁ ల నోర్ ద' అంటావో చూస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య