పనివేళలకు ఆవల

ఉద్యోగి తన యజమానికి ఇచ్చేది రోజులో కొన్ని గంటల శ్రమను మాత్రమే. తన జీవితాన్ని కాదు. ఈ మాట అందరూ అంగీకరించేదే. అయితే విధులు ముగించుకొని కర్మాగారం దాటిన పిదప చేసిన పనికి ఒక మనిషి ఉద్యోగం పోయినపుడు ఈ మాట ఎంతవరకు నిలుస్తుందన్న ప్రశ్న తలెత్తుతుంది. పొరుగువారితో తగవు, సమ్మెనాటి వీధి ఘర్షణ, వివాహం, ఫేస్‌బుక్‌లో రాసిన నాలుగు వాక్యాలు - వీటిలో ఏది తొలగింపునకు న్యాయమైన కారణం, ఏది కాదు?

ఒకప్పుడు ఈ ప్రశ్నకు తావే లేదు. యజమాని మాటే శాసనం. ఏది తప్పో అతడే నిర్ణయించేవాడు, అదీ తప్పు జరిగిన తరువాత. ఈ స్థితిని మార్చింది 1946 నాటి పారిశ్రామిక ఉద్యోగ (స్టాండింగ్ ఆర్డర్ల) చట్టం. వంద లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థ తన ఉద్యోగ నిబంధనలను ముందుగానే స్పష్టంగా రాసి, అధికారి చేత ధ్రువీకరింపజేసుకోవాలని అది ఆదేశించింది. ఏయే పనులు దుష్ప్రవర్తన కిందికి వస్తాయో ఆ నిబంధనలలోనే పేర్కొనాలి. కార్మికుడికి రక్షణ మొదలైనది ఇక్కడే.

1963లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక వ్యాజ్యంలో ఈ నిబంధనల పరిధి చర్చకు వచ్చింది. అవి సాధారణంగా పని జరిగే స్థలంలో, పనివేళలలో ఉద్యోగి నడవడికకే వర్తిస్తాయనీ, ఉద్యోగితో సంబంధం లేని పరాయి వ్యక్తికీ ఉద్యోగికీ మధ్య జరిగిన సొంత తగాదాతో యజమానికి నిమిత్తం లేదనీ న్యాయస్థానం భావించింది.

ఇరవై ఏళ్ల తరువాత, 1983లో, గ్లాక్సో లేబొరేటరీస్ వ్యాజ్యంలో ఇదే విషయం మరింత తీక్షణంగా పరీక్షకు నిలిచింది. ఉత్తరప్రదేశ్‌లోని అలీగఢ్‌లో ఆ సంస్థకు కర్మాగారం ఉండేది. సమ్మెలో ఉన్న కొందరు కార్మికులు, సమ్మెలో చేరక పనికి వెళ్తున్న తోటివారిపై దౌర్జన్యం చేశారని యాజమాన్యం ఆరోపించింది. ఆ ఘటనలు కర్మాగారానికి వెలుపల జరిగినవి. నిబంధనలలోనేమో ‘సంస్థ ఆవరణలో గాని, దాని పరిసరాలలో గాని’ చేసిన అల్లరి అని ఉన్నది. ఎక్కడ చేసినా దుష్ప్రవర్తనే అని యాజమాన్యం వాదించింది. జస్టిస్ డి.ఎ. దేశాయ్ ఈ వాదాన్ని అంగీకరించలేదు. అలా అంగీకరిస్తే కార్మికుడు ఎక్కడ ఉన్నా యజమాని అధికారం అతన్ని వెంటాడుతుందని ఆయన తర్కం. వీధిలో నేరం జరిగితే పోలీసులు ఉన్నారు, న్యాయస్థానాలు ఉన్నాయి. యజమాని ఆ పాత్ర వహించనక్కరలేదు. తీర్పు దౌర్జన్యాన్ని సమర్థించలేదని గ్రహించాలి. శిక్షించే అధికారం ఎవరిదన్నదే అక్కడి ప్రశ్న.

నిబంధనలు స్పష్టంగా ఉండాలన్న విషయాన్ని మరుసటి ఏడు ఇంకొక తీర్పు బలపరిచింది. ఒక ప్రభుత్వరంగ సంస్థ ఉద్యోగి గృహనిర్మాణానికీ వాహనానికీ తీసుకొన్న అడ్వాన్సుల విషయంలో నియమాలను పాటించలేదని అతన్ని తొలగించారు. ‘ఉద్యోగికి తగని నడవడి’ అన్న అస్పష్టమైన మాటను పట్టుకొని, జాబితాలో లేని పనిని దుష్ప్రవర్తనగా చూపరాదని సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది.

అట్లని గేటు వెలుపల చేసినదంతా యజమానికి అతీతమని అనుకోరాదు. పనితో సంబంధమే ఇక్కడ గీటురాయి. పైఅధికారిని అతని ఇంటి వద్ద నిలదీసి, ఆఫీసు విషయమై కొట్టినవాడు ‘అప్పుడు నేను డ్యూటీలో లేను’ అంటే ఆ మాట నిలవడం కష్టం. ప్రభుత్వోద్యోగుల విషయంలో గీత ఇంకా దగ్గరగా ఉంటుంది. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రవర్తనా నియమావళి ద్వితీయ వివాహం, రాజకీయ కార్యకలాపాలు వంటి వాటిని కూడా నియంత్రిస్తుంది. అయితే రాజ్యాంగం 311వ అధికరణం వారికి విచారణ హక్కును ప్రసాదించింది.

వివాహం సంగతి ప్రత్యేకంగా చెప్పుకోదగినది. పెళ్లి చేసుకున్న స్త్రీ కార్మికురాలి ఉద్యోగం తనంతట తానే రద్దవుతుందన్న ఒక మందుల సంస్థ నియమాన్ని 1965లో సుప్రీంకోర్టు నిరాకరించింది. 1981లో ఎయిర్ ఇండియా హోస్టెస్‌ల వ్యాజ్యంలో, మొదటి గర్భంతోనే ఉద్యోగం ముగియాలన్న నియమాన్ని కొట్టివేసింది. కాని చేరిన నాలుగేళ్లలోపు పెళ్లాడరాదన్న నిబంధనను మాత్రం అప్పుడు సమర్థించింది. ఈ రెండో నిర్ణయం మొదటిదానికి పొసగదని పలువురు విమర్శించడం సహజమే.

ఇక తొలగింపునకు గురైన వ్యక్తి ఏమి చేయాలి? 1946, 1947 నాటి పాత చట్టాల స్థానంలో 2025 నవంబరు 21న పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020 అమలులోకి వచ్చింది. విచారణ సాగేకాలంలో సస్పెండైన కార్మికుడికి తొలి తొంభై రోజులు వేతనంలో సగం, జాప్యం అతనివల్ల కానపుడు ఆ తరువాత మూడువంతులు జీవనభృతిగా ఇవ్వాలి. తొలగించిన పిదప కార్మికుడు సంఘం అండ లేకున్నా తానొక్కడే వివాదాన్ని లేవనెత్తవచ్చు. మొదట రాజీ అధికారి వద్దకు, అక్కడ పరిష్కారం కాకుంటే ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. ట్రిబ్యునల్ శిక్ష తగినదో కాదో పరిశీలించి, తగ్గించగలదు. తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమని ఆదేశించగలదు. 1971 సవరణతో వచ్చిన ఈ అధికారం కొత్త కోడ్‌లోనూ కొనసాగుతున్నది.

ఇందులో ఒక లోటు లేకపోలేదు. పాత చట్టం వందమంది కార్మికులను చాలునన్నది. కొత్త కోడ్‌లో స్టాండింగ్ ఆర్డర్ల పరిమితి మూడువందలకు పెరిగింది. చిన్న కర్మాగారాల శ్రామికులకు ముందుగా రాసిపెట్టిన దుష్ప్రవర్తన జాబితా ఉండకపోవచ్చు. నిర్వహణ హోదాలో ఉన్నవారు ‘కార్మికుడు’ అన్న నిర్వచనంలోకే రారు. వారికి ఉద్యోగ ఒప్పందమే ఆధారం, సివిల్ న్యాయస్థానం సాధారణంగా నష్టపరిహారమే ఇస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఆరు నెలలు నిరంతరంగా పనిచేసిన ఉద్యోగికి సహేతుక కారణం లేకుండా తొలగిస్తే నెల నోటీసో, దానికి బదులు వేతనమో ఇవ్వాలని చెబుతుంది. అందువల్ల తొలగింపు ఉత్తర్వు అందిన రోజున చేయవలసిన మొదటి పని, ఆ ఉత్తర్వులో చూపిన కారణం ఏ నియమం కింద వస్తుందో, ఆ సంఘటన ఎక్కడ, ఎప్పుడు జరిగిందో రాసుకోవడం.