లాభనష్టాలు – మనోనిగ్రహం

కృష్ణాతీరపు లంక గ్రామాలలో పండిన పసుపునకు దుగ్గిరాల యార్డు ప్రసిద్ధమైన విపణి. అక్కడ వేలంపాటలో ధర నచ్చకపోతే రైతు సరుకును శీతల గిడ్డంగిలో దాచి, మంచి ధరకై నిరీక్షించడం పరిపాటి. రేపల్లె, తెనాలి ప్రాంతాల విద్యార్థులకు ఇది పరిచితమైన విషయమే. అయితే ఆ నిరీక్షణ వివేకమా, ఆశాపాశమా అన్న ప్రశ్న విచారింపదగినది.

2010లో పసుపు ధర క్వింటాలుకు 10,000 రూపాయలు దాటింది. 2012 నాటికి 4,000 రూపాయల దరికి దిగజారింది. ధర పెరిగేటప్పుడు 'ఇంకా పెరుగుతుంది' అన్న ఆశ అమ్మనీయదు. తరిగేటప్పుడు నష్టాన్ని ఒప్పుకోలేని అభిమానం అమ్మనీయదు. రెండు వేళలా మన చేతిని పట్టి ఆపేది మన మనస్సే.

ఈ సంగతిని శాస్త్రజ్ఞులు పరిశోధించారు. మానవుని మనస్సుకు లాభం కలిగించే సంతోషం కంటె అంతే నష్టం కలిగించే బాధ అధికమని డేనియల్ కానెమన్, ఎమోస్ ట్వెర్‌స్కీ 1979లో ప్రతిపాదించారు. అందువలననే మదుపరులు లాభం వచ్చిన షేర్లను తొందరపడి అమ్ముతారనీ, నష్టపోయిన వాటిని వదలక పట్టుకొని ఉంటారనీ షెఫ్రిన్, స్టాట్‌మన్ 1985లో వివరించారు.

నేడు ఆ విపణి యువకుల చేతిలోని ఫోనులోనికే వచ్చింది. 2021-22 నుండి 2023-24 వరకు మూడు సంవత్సరాలలో షేర్ల ఫ్యూచర్స్, ఆప్షన్స్ వ్యాపారం చేసిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయారనీ, వారి మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు మించిందనీ సెబీ 2024లో ప్రకటించింది. అంతకన్న శోచనీయమైనది మరొకటి ఉన్నది. వరుసగా నష్టపోయి కూడా వారిలో నూటికి 75 మందికి పైగా ఆ వ్యాపారం మానలేదు. పోయినది రాబట్టాలన్న పంతం క్రోధానికి మారుపేరు.

అయితే సాధన ఎట్లు? మొదటిది: కొనక ముందే, మనస్సు ప్రశాంతంగా ఉన్నప్పుడే, ఏ ధరకు అమ్మాలో, ఎంత నష్టానికి విరమించాలో కాగితంపై వ్రాసుకోవాలి. రెండవది: అప్పు తెచ్చిన సొమ్ము, ఫీజుకై తండ్రి ఇచ్చిన సొమ్ము అందులో పెట్టరాదు. మూడవది: నష్టం వచ్చిన దినాన మరొక బేరం చేయరాదు. నాలుగవది: ప్రతి బేరానికీ కారణాన్ని దినచర్యలో వ్రాయాలి. తప్పు నిర్ణయానికి దైవవశాన లాభం వస్తే అది నష్టం కంటె చెడ్డ గురువు.

ఇన్ని పాటించినా లాభం నిశ్చయమని మేము చెప్పజాలము. బేరం బేరానికీ ఖర్చులున్నాయి. ఎదుట యంత్రగణన సాయంతో వర్తించే పెద్ద సంస్థలున్నాయి. నిగ్రహం నష్టానికి హద్దు గీయగలదే కాని, ప్రతికూలమైన ఆటను అనుకూలం చేయజాలదు. కనుక అట్టి ఆటలో దిగకుండడం కూడా నిగ్రహమే.

ఉర్దూ చదివే మన విద్యార్థులకు 'సబ్ర్' అన్న మాట సుపరిచితం. సామాన్యంగా దానిని ఓర్పు అంటాము. అరబ్బీ మూలంలో దానికి తన్ను తాను నిలువరించుకోవడం అన్న అర్థం ఉన్నది. ఆశతో గిడ్డంగి వైపు చూస్తూ కూర్చొనడం నిరీక్షణ మాత్రమే. ముందు వ్రాసుకొన్న మాటకు కట్టుబడి, చేయి చాచవలసిన వేళ చాచి, ముడువవలసిన వేళ ముడుచుకోవడమే సబ్ర్. విపణి ధర మన ఆధీనంలో లేదు. మన నిర్ణయం మాత్రం మనదే.