నామము - ఒకే ధ్వని, వేఱు వేఱు మూలములు

శ్రీవైష్ణవ గృహములలో ‘నామము’ అను మాట దినమునకు ఎన్ని మారులు వినబడునో లెక్కింప శక్యము గాదు. ప్రాతఃకాలమున స్నానానంతరము నామము ధరింతురు. సాయంకాలమున సహస్రనామ పారాయణము చేయుదురు. మొదటిది నొసటి గుఱుతు. రెండవది భగవంతుని పేరు. ఇంటిలోని బాలుడు “ఈ రెండును ఒక్కటేనా?” యని యడిగినచో పెద్దలు తగిన సమాధానము చెప్పగలుగవలెను. ఇట్లే ధ్వనించు మాటలు పరభాషలలోను కలవు. వానిలో కొన్ని దీనికి చుట్టములు. కొన్నింటికి దీనితో ఏ సంబంధమును లేదు.

సంస్కృతమున ‘నామన్’ శబ్దమునకు పేరు అని యర్థము. వైయాకరణులు దీనిని అభ్యాసార్థకమగు ‘మ్నా’ ధాతువునుండి సాధించిరి. మరల మరల ఉచ్చరింపబడునది గనుక నామము. నమస్కారమునకు మూలమగు ‘నమ్’ ధాతువు వేఱు. దానికి వంగుట యర్థము. నామమును, నమస్సును ముడివేసి చెప్పుట వినుట కింపుగ నుండును గాని, ధాతువులు రెండు.

1786లో కలకత్తా నగరమున సర్ విలియం జోన్స్ సంస్కృత, గ్రీకు, లాటిను భాషలు ఒకే మూలమునుండి వెడలియుండు నని ప్రసంగించెను. ఆ చుట్టఱికమునకు ఈ శబ్దమే చక్కని సాక్షి. లాటినున ‘నోమెన్’, గ్రీకున ‘ఒనోమ’, పారసీకమున ‘నామ్’, ఆంగ్లమున ‘నేమ్’ - అన్నియు ఒక తల్లి బిడ్డలు. పారసీకమున ఈ మాటనుండియే లేఖ, పత్రము అను నర్థమున ‘నామా’ పుట్టినది. మన కచ్చేరీలలోని రాజీనామా, వకాల్తానామాలు ఆ దారిన వచ్చినవే. చిరునామాలోని ‘చిరు’ సైతము తెలుగుమాట కాదు. తల యను నర్థము గల పారసీక శబ్దము ‘సర్’. లేఖకు తలవంటి ‘సర్‌నామా’ తెలుగువారి నోట చిరునామా యైనది!

తెలుగు, తమిళము ఈ కుటుంబమునకు చెందినవి కావు. తెలుగు సంస్కృతజన్యము కాదనియు, తమిళ కన్నడములకు సోదరి యనియు 1816లో ఎల్లిస్ దొర నిరూపించెను. మన సొంత మాట ‘పేరు’. తమిళులకు ‘పెయర్’, కన్నడిగులకు ‘హెసరు’. అయినను ప్రాచీన తమిళమున ‘నామ్’, ‘నామమ్’ అను దేశ్య శబ్దములు కలవు. వానికి భయము అని యర్థము. తొల్కాప్పియము ‘నామ్’ శబ్దమును భయార్థకములలో పేర్కొన్నది. తిరుక్కురళున ‘నామనీర్’ అనగా భయంకరమగు జలము, సముద్రము. అదే తమిళమున తిరుమంగై ఆళ్వారు పెరియ తిరుమొళి మొదటి దశకమున ‘నామమ్’ అనగా నారాయణుని పేరు. ఆ పేరు భయమును పోగొట్టునదే గాని భయ మను నర్థము గలది కాదు! ఒకే లిపిలో ఒకే విధముగ వ్రాయబడు రెండు మాటలకు ఇంతకంటె దూరము ఉండబోదు.

జపాను భాషలో పేరును ‘నమయె’ యందురు. తొందరపాటున దీనిని సంస్కృతమునకు జోడింపవచ్చును, అది పొరపాటు. అది ‘న’, ‘మయె’ అను రెండు మాటల కూడిక. ‘న’ యనగా పేరు, ‘మయె’ యనగా ముందు. ఇది కేవల కాకతాళీయము. కాని ఆ దేశపు బౌద్ధులు అమితాభుని స్మరించుచు పలుకు ‘నము’ మాత్రము సంస్కృత ‘నమః’ శబ్దమే. చీనా దేశము మీదుగ అచ్చటికి చేరినది. మిక్కిలి పోలిక గల మాట పరాయిది, పోలిక తగ్గిన మాట మనది.

ఇక నొసటి గుఱుతునకు ఈ పేరేల వచ్చినది? ఊర్ధ్వపుండ్రములు పండ్రెండు. ఒక్కొక్కదానిని ఒక్కొక్క భగవన్నామముతో ధరింపవలెను. నొసట కేశవుడు, ఉదరమున నారాయణుడు, వక్షమున మాధవుడు, కంఠమున గోవిందుడు. అటుపై ఉదరమునకును, భుజములకును, కంఠమునకును ఇరుప్రక్కల విష్ణువు మొదలు హృషీకేశుని వఱకు ఆర్గురు. నడుము వెనుక పద్మనాభుడు, మెడ వెనుక దామోదరుడు. పేరు పలుకక దిద్దిన గీత వట్టి మన్నే యగును. పేరుతో కూడ దిద్దబడుటచే గుఱుతునకే పేరను పేరు నిలిచినది. తెల్లని తిరుమణి స్వామి పాదములకును, నడుమ నుండు శ్రీచూర్ణము అమ్మవారికిని గుఱుతులు. తెంగలైవారి పాదము ముక్కు పైకి దిగును, వడగలైవారిది దిగదు; ద్వాదశ నామములు ఇరువురకును సమానమే. తిరుమలలో శ్రీవారి నామము పచ్చకర్పూరముతోను, కస్తూరితోను తీర్చబడును. శుక్రవారాభిషేకానంతరము దానిని క్రొత్తగ సమర్పింతురు. గురువారమున దానిని తగ్గించుటచేతనే భక్తులకు నేత్రదర్శనము లభించును.

లోకమున ‘నామము పెట్టుట’, ‘పంగనామములు పెట్టుట’ యనగా మోసగించుట. నమ్మాళ్వారి పేరు దాల్చిన శఠగోపమునకును ఇదే గతి పట్టినది! స్వామి పాదములు శిరస్సున సోకు భాగ్యమునకు నష్టపోవుట యను నర్థమా? వైష్ణవ గృహములలో సైతము ఈ నుడికారము నవ్వుతూ పలుకుట కలదు. పెద్దలకు అది హాస్యము. అసలర్థము ఎఱుగని పిల్లలకు అదియే మొదటి యర్థమై కూర్చుండును. ప్రాతఃకాలమున బాలుని నొసట గుఱుతు దిద్దునపుడే తండ్రి “కేశవాయ నమః” అని పలికింపవలెను. వేఱు ధాతువుల నుండి పుట్టిన నామమును, నమస్సును చేరువగ నిలుచునది ఆ రెండు మాటలయందే.