పాఠం 14: బాలింత, పసికందు – మొదటి 42 రోజులు

కానుపు అయిపోతే గండం గడిచిందని మనం అనుకుంటాం. నిజానికి తల్లికి అధిక రక్తస్రావం ముప్పు ఎక్కువగా ఉండేది కానుపు తరువాతి 24 గంటల్లోనే. నెల నిండకుండా చనిపోయే పిల్లల్లో సుమారు ముప్పావు వంతు మందిని మొదటి వారంలోనే కోల్పోతున్నాం. అందువల్ల ఆ వారంలో ఏమి చేయాలో ఈ పాఠంలో ఎక్కువగా తెలుసుకుందాం.

14.1 పథ్యం

మీ ఇంట్లో బాలింతకు ఏమి పెట్టారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. వెల్లుల్లి కారం, శొంఠిపొడి, వేడి అన్నంలో నెయ్యి వంటివాటితో పేచీ లేదు. బాలింతను పుట్టింట్లో ఉంచి పని చెప్పకపోవడం చాలా మంచి ఆచారం. మరి నీళ్ళ మాటేమిటి? "నీళ్ళు తాగితే పొట్ట పెరుగుతుంది, బిడ్డకు జలుబు చేస్తుంది" అంటూ గుక్కెడు నీళ్ళతో సరిపెట్టే ఇళ్ళు ఉన్నాయి. ఇది సరి కాదు. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ. అడిగినన్ని నీళ్ళు ఇవ్వాలి. సన్నిపాతం వస్తుందన్న భయంతో పప్పు, ఆకుకూర, గుడ్డు, పెరుగు మానిపిస్తారు. రక్తం పోయిన మనిషికి కావలసింది అవే కదా! వాటితోపాటు ఐరన్ మాత్ర రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి.

14.2 పసికందు

పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టాలి. వాటిని పిండి పారబోయకూడదు. తేనె, ఆముదం, పంచదార నీళ్ళు వద్దు. 6 నెలల వరకు తల్లిపాలే చాలు. మొదటి 24 గంటలు స్నానం చేయించకుండా, బిడ్డను తల్లి ఛాతీకి ఆనించి వెచ్చగా ఉంచాలి. బొడ్డుకు బూడిద, పసుపు, నూనె ఏవీ రాయకూడదు.

14.3 ఇంటికి వచ్చి చూడటం

ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి చూసినంత మాత్రాన ఏమి ఒరుగుతుందని మీకు అనిపించవచ్చు. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా మన తెలంగాణ సరిహద్దునే ఉంది. అక్కడ డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ 39 గ్రామాల్లో ఊరి స్త్రీలకే శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ పంపి పసికందులను చూపించారు. మొదట 1000 మందికి 62గా ఉన్న నవజాత శిశు మరణాలు 1998 నాటికి సుమారు 26కు తగ్గాయి. 2011లో ఈ పద్ధతిని దేశమంతటా ప్రవేశపెట్టారు. ఆసుపత్రిలో మామూలు కానుపు అయితే ఆశా 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో రావాలి. ఇంట్లో కానుపు అయితే మొదటి రోజు కూడా రావాలి. రాకపోతే మీరే కబురు పెట్టండి.

14.4 ఆగకూడని సమయం

"పాలు పడుతున్నాయి, జ్వరం మామూలే" అనే మాట మీరు వినే ఉంటారు. రొమ్ములు బిగిసి ఒళ్ళు కాస్త వెచ్చబడవచ్చు. కాని జ్వరం 100.4 డిగ్రీలకు చేరినా, చలి పుట్టినా, మైలగుడ్డ దుర్వాసన కొట్టినా అది గర్భసంచికి సోకిన చీము కావచ్చు. కషాయం ఇచ్చి తెల్లవారే దాకా చూస్తే ప్రాణం పోవచ్చు. గుడ్డలు తడిసిపోయేలా రక్తం పోతున్నా, విపరీతమైన తలనొప్పితో చూపు మసకబారినా, ఫిట్స్ వచ్చినా అంతే. బిడ్డ పాలు తాగడం మానేసినా, ఒళ్ళు చల్లబడినా, ఊపిరి తీసేటప్పుడు డొక్కలు ఎగరేసినా, అరిచేతులు, అరికాళ్ళు పచ్చబడినా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

పాఠంలోని ప్రశ్నలు

1. మీ ఊళ్ళో బాలింతకు పాటించే పథ్యంలో ఉంచవలసినవి, మానవలసినవి ఏవి? ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రాయండి.

2. పక్కింటి బాలింతకు ఆరవ రోజు రాత్రి చలిజ్వరం వచ్చింది. "పొద్దున చూద్దాంలే" అని ఆమె అత్తగారు అంటున్నారు. ఆ పెద్దావిడ నొచ్చుకోకుండా మీరు ఏమి చెబుతారు?