నెలంటే ముప్పై రోజులు కాదు

ప్రశ్న: ఎరువుల దుకాణం నడుపుతున్నాను. అరువులు, చెక్కులు, ప్రోనోట్లు అన్నీ కంప్యూటర్‌లో ఎక్సెల్ షీటులో రాసుకుంటాను. ఒక చెక్కు బౌన్సయింది. కేసు వేయడానికి నెల గడువు ఉంటుందంటే, తేదీకి 30 కలిపి పెట్టుకున్నాను. సరిపోతుందా?

జవాబు: సరిపోదు. మధ్యలో ఫిబ్రవరి వస్తే ఆ 30 వల్ల మీ కేసుకే ఎసరు రావచ్చు.

నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 138, 142 సెక్షన్లలో మూడు గడువులున్నాయి. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లోగా నోటీసు పంపాలి. నోటీసు అందాక డబ్బు కట్టడానికి అవతలి మనిషికి 15 రోజులుంటాయి. అప్పటికీ కట్టకపోతే, ఆ తర్వాత నెలలోగా కోర్టులో ఫిర్యాదు వేయాలి. మొదటి రెండూ రోజుల లెక్క, మూడోది నెల లెక్క. జనరల్ క్లాజెస్ చట్టం ప్రకారం నెలంటే క్యాలెండర్ నెల, ముప్పై రోజుల మూట కాదు.

ఉదాహరణకు నోటీసు 2025 జనవరి 25న అందిందనుకోండి. అందిన రోజును వదిలేసి లెక్కిస్తే 15 రోజులు ఫిబ్రవరి 9తో ముగుస్తాయి. 10న మీకు కేసు వేసే హక్కు పుడుతుంది. ఆ రోజునూ వదిలేసి లెక్కిస్తే నెల మార్చి 10తో పూర్తవుతుంది. మొదటి రోజును లెక్కలోంచి తీసేయాలని సుప్రీంకోర్టు 1999లో సాకేత్ ఇండియా కేసులో చెప్పింది, 2013లో ఎకాన్ ఆంట్రీ కేసులో మళ్లీ ఖాయం చేసింది. మీరు 30 కలిపితే షీటు మార్చి 12 చూపిస్తుంది. అప్పటికే రెండు రోజులు ఆలస్యం. తొందరపడి 15 రోజులు నిండకముందే వేసినా ఆ ఫిర్యాదు చెల్లదు.

అందుకే నోటీసు అందిన తేదీకి 15 కలపండి, మర్నాటికి ఇంకో 1 కలపండి. నెల కలపడానికి మాత్రం ‘ఈడేట్’ ఫార్ములా వాడండి, అది క్యాలెండర్ నెలనే చూస్తుంది. తేదీ కొట్టేటప్పుడు నెలను అంకెలో కాకుండా పేరుతో రాయండి. 05/04 అని కొడితే మనకది ఏప్రిల్ 5. అమెరికా పద్ధతిలో సెట్ చేసిన కంప్యూటర్ దాన్ని మే 4గా తీసుకుంటుంది, తప్పు చేశానని కూడా చెప్పదు.

ఫిర్యాదు ఆలస్యమైతే సరైన కారణం చూపి మన్నించమని కోర్టును అడగవచ్చు. నోటీసుకున్న 30 రోజులు దాటితే మాత్రం ఆ వెసులుబాటు లేదు. షీటులో ఎర్ర రంగు వేయాల్సిన గడి అదే.

ఇక ప్రోనోట్ల సంగతి. మీరు అడగలేదు గానీ, చెప్పకుండా వదిలితే నాకు మనసొప్పదు. రూ. లక్షకు నూటికి రెండు రూపాయల వడ్డీతో 2022 మార్చి 10న నోటు రాయించుకున్నారనుకుందాం. 2025 మార్చి 10కి 36 నెలలు, వడ్డీ రూ. 72,000. అదే రెండు తేదీలనూ షీటులో తీసివేస్తే 1,096 రోజులొస్తాయి. దాన్ని 30తో భాగించి నెలలు చేస్తే వడ్డీ రూ. 73,067 అవుతుంది. ఆ రూ. 1,067 అప్పు తీసుకున్న రైతు బాకీ పడింది కాదు, భాగహారం పుట్టించింది. నోటులో నెల వడ్డీ అని ఉంటే నిండు నెలలు నెలలుగానే లెక్కగట్టండి, మిగిలిన రోజులకే రోజుల లెక్క చూడండి. మీ దగ్గర అరువు తీసుకునేవాళ్లలో ఈ తేడా పట్టుకోగలిగినవాళ్లు తక్కువ. కాబట్టి ఆ జాగ్రత్త మీరే పడాలి.

అడగ్గానే చెల్లించాలని రాసిన నోటుపై దావాకు గడువు మూడేళ్లు. అది మీరు అడిగిన రోజు నుంచి కాదు, నోటు తేదీ నుంచే నడుస్తుంది. పై నోటుకు 2025 మార్చి 10 ఆఖరి రోజు. ఆ రోజు కోర్టుకు సెలవైతే, తెరిచిన రోజున వేయవచ్చు. గడువులోపల కొంత జమ కడితే అక్కణ్నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. కానీ మీ షీటులో మీరు రాసుకున్న జమతో ఆ మూడేళ్లు రావు. కట్టినట్టు ఆ మనిషే తన చేత్తో రాయాలి, లేదా రాసినదాని కింద సంతకం పెట్టాలి. డబ్బు చేతికందిన రోజే నోటు వెనక తేదీతో సహా చెల్లు రాయించుకోండి.