ఇల్లు అప్పజెప్పి ఊరెళ్ళేటప్పుడు

మా ఉయ్యూరులో తాళం పడిన ఇళ్ళు ఏటేటా పెరుగుతున్నాయి. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు, పెద్దవాళ్ళం ఆర్నెల్లకోసారి వాళ్ళ దగ్గరికి వెళ్ళొస్తుంటాం. మనం లేనప్పుడే గోడ చెమ్మెక్కుతుంది, మోటారు కాలిపోతుంది. పనివాళ్ళు రాక తప్పదు. ఆ విషయంలో నాకు అనుభవం నేర్పినవి చెబుతాను, వినండి.

1. తాళంచెవిని దాచకండి, నమ్మిన మనిషి చేతిలో పెట్టండి.

ఒకసారి అమ్మాయి దగ్గరికి వెళుతూ, రంగులవాళ్ళ కోసం తాళంచెవి మీటరు పెట్టెలో పెట్టాను. పొద్దున వాళ్ళు తీసుకోవడం, సాయంత్రం మళ్ళీ అక్కడే పెట్టడం. వీధిలో పోయే ఎవరికైనా కనిపించే వ్యవహారమే. పని ముగిసి వాళ్ళు వెళ్ళిపోయిన తర్వాత కూడా చెవి అక్కడే ఉంది. ఒక రాత్రి ఎవరో దానితోనే తలుపు తీశారు. మా అత్తగారు మా ఆవిడకు పెట్టిన కాసులపేరు పోయింది. గడియ విరగలేదు కాబట్టి అందరి చూపూ రంగుల మేస్త్రీ మీదకు మళ్ళింది. అతణ్ణి స్టేషనుకు పిలిపించారు, ఇల్లు వెతికారు. అతని మీద అనుమానం ఉందా అని నన్ను అడిగితే, లేదని గట్టిగా అనాల్సింది. "ఏమోనండీ" అన్నాను. కొన్నాళ్ళకు వేరే కేసులో దొరికిన దొంగ మా ఇంటి సంగతీ ఒప్పుకున్నాడు. మేస్త్రీ ఇంటికి వెళ్ళి మాట్లాడాను. "మీరేం అనలేదుగా బాబుగారూ, ఊరుకున్నారంతే" అన్నాడు. ఆ తర్వాత అతను మా వీధిలో పని ఒప్పుకోలేదు. పొరుగింటి వదినగారికో, తమ్ముడికో తాళమిచ్చి, "మీరు తీయండి, మీరే వేయండి" అని ఉంటే అతని పేరు ఎవరి నోటా వచ్చేది కాదు.

2. పనికి ఎంత చోటు కావాలో అంతే తెరవండి.

పాత ఇళ్ళలో మోటారు స్విచ్చి, మీటరు, డాబా మెట్లు బయటే ఉండేవి. ప్లంబరు నట్టింట్లోకి రావలసిన పనే ఉండదు. ఇప్పుడు కట్టుకునేవాళ్ళు ఇది మేస్త్రీకి ముందే చెప్పుకోండి. కట్టేసిన ఇల్లయితే బీరువా ఉన్న గదికి వేరే తాళం వేయండి. బీరువా తాళాలు బీరువా మీదా, బియ్యం డబ్బాలోనూ, దేవుడి గూట్లోనూ ఉంటాయని ఆంధ్రదేశంలో తెలియని దొంగ లేడు.

3. బంగారం ఇంట్లో లేకపోతే దాని మీద ఎవరి కన్నూ పడదు.

బ్యాంకు లాకరు అద్దె దండగనుకుని ఏళ్ళ తరబడి తీసుకోలేదు. అయితే లాకరు గురించి ఒకటి తెలుసుకోండి. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, అగ్నిప్రమాదమో దొంగతనమో సిబ్బంది మోసమో జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు నూరు రెట్ల వరకే. మూడు వేలు అద్దె కడితే మూడు లక్షల దాకా అన్నమాట. లోపల ఏముందో బ్యాంకు రాసుకోదు. అందుకని ప్రతి నగకూ ఫొటో తీసి, తూకం రాసి, రసీదుతో కలిపి పిల్లల దగ్గర ఒక ప్రతి ఉంచండి. 2023 ఏప్రిల్ నుంచి హాల్‌మార్కు నగల అమ్మకానికి ఆరు అక్షరాల గుర్తింపు సంఖ్య తప్పనిసరి. అదీ రాసుకోండి. అమ్మమ్మల నాటి నగలకు ఆ సంఖ్య ఉండదు, వాటికి ఫొటోయే ఆధారం. మా కాసులపేరు ఎలా ఉంటుందో చెప్పమంటే పెళ్ళి ఫొటో ఒకటి వెతికి ఇచ్చాం, అందులో సగం పూలదండ కిందే ఉంది.

4. కొత్త పనివాణ్ణి తెలిసినవాళ్ళ ద్వారానే పిలవండి.

పేరు, ఊరు, ఫోను నంబరు రాసుకోండి. పిలవకుండానే గ్యాసు పైపు చూస్తామని వచ్చేవాళ్ళను, ఏజెన్సీకి ఫోను చేసి కనుక్కునే దాకా గుమ్మం దాటనివ్వకండి.

5. వెళుతున్న సంగతి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేకంటే స్టేషనులో చెప్పడం మేలు.

మన రాష్ట్రంలో పోలీసులు తాళం వేసిన ఇళ్ళ కోసం ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఏర్పాటు తెచ్చారు. యాప్‌లో నమోదు చేసుకుని, వెళ్ళేముందు కోరితే వాళ్ళే వచ్చి కెమెరా పెడతారు, డబ్బు తీసుకోరు. లోపల మనిషి కదిలితే వాళ్ళకు హెచ్చరిక వెళుతుంది. మీ స్టేషనులో అది ఇప్పుడు పనిచేస్తోందో లేదో ముందు కనుక్కోండి. మధ్యలో పనివాళ్ళు వస్తుంటే ఆ రోజూ వేళా కూడా పోలీసులకు చెప్పాలి, లేకపోతే పాపం పనివాళ్ళు దొంగల్లా నిలబడాల్సి వస్తుంది. మాఘమాసంలో మా ఉయ్యూరు వీరమ్మ తల్లి తిరునాళ్ళప్పుడు ఊరు ఊరంతా జనం. అమ్మవారిని చూసొద్దామని ఇంటిల్లిపాదీ బయల్దేరే ఆ పదిహేను రోజులూ ఇంట్లో పని పెట్టుకోకండి.

6. వస్తువు కనబడకపోతే ముందు ఇల్లు వెతకండి.

తాళం విరిగి ఉంటే ఏదీ ముట్టుకోకుండా 112కి ఫోను చేయండి, ఆలస్యం వద్దు. ఏ గుర్తూ లేకుండా ఒక్క వస్తువే కనబడకపోతే బట్టల మడతలు, పాత పర్సులు, అమ్మాయి తీసుకెళ్ళిన సూట్‌కేసు, అన్నీ చూడండి. మన దగ్గర పనిచేసే మనిషి మన సొత్తు దొంగిలించాడని రుజువైతే భారతీయ న్యాయ సంహిత 306వ సెక్షను కింద ఏడేళ్ళ దాకా జైలు. అందుకే ఫిర్యాదు రాసేటప్పుడు పోయిన వస్తువులు, తేదీ, తాళం ఎవరెవరి దగ్గర ఉందో ఉన్నదున్నట్టు రాయండి. ఎవరి మీదైనా అనుమానమా అని అడిగితే, కళ్ళతో చూసింది ఏమీ లేకపోతే, "లేదండీ" అని గట్టిగా చెప్పండి.