గ్యాస్ కొట్టించే ముందు

మే నెలలో ఏసీ చల్లబడకపోతే క్యాబ్ నడిపేవారికి ఆ రోజు సంపాదన మీదే దెబ్బ. ప్రయాణికుడు సణుగుతాడు, రేటింగ్ పడిపోతుంది. దాంతో కంగారుగా దగ్గర్లోని షెడ్డుకు వెళ్లి గ్యాస్ కొట్టిస్తారు. కొన్నాళ్లు బాగుంటుంది, మళ్లీ మొదటికే వస్తుంది.

గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. ఏళ్లు గడిస్తే కొద్దిగా తగ్గొచ్చు గానీ, వారాల్లోనే తగ్గిందంటే ఎక్కడో లీకుంది. అసలు లోపం గ్యాస్‌లో లేకపోనూవచ్చు. అందుకే షెడ్డుకు వెళ్లేముందు, ఎప్పుడు చల్లగా వస్తోంది, ఎప్పుడు రావడం లేదు అన్నది గమనించండి.

హైవే మీద చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగగానే వేడెక్కుతోందా? ముందు కండెన్సర్‌నూ దాని ఫ్యానునూ అనుమానించండి. బండి పరుగెడుతున్నంతసేపూ ఎదురుగాలే కండెన్సర్‌ను చల్లబరుస్తుంది. ఆగితే ఆ పని ఫ్యానుదే. ఇంజను, ఏసీ నడుస్తుండగా బానెట్ ఎత్తి చూడండి. ఫ్యాను ఉన్నట్టుండి తిరుగుతుంది కాబట్టి చేతులు, కండువా దూరంగా ఉంచుకోండి. కాసేపు చూసినా తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు పరీక్ష చేయించాలి. తిరుగుతుంటే కండెన్సర్ రెక్కల మధ్య దుమ్మూ పురుగులూ పేరుకున్నాయేమో చూసి, ఇంజను చల్లారాక మెల్లటి ధారతో కడిగించండి. ప్రెషర్ పంపు దగ్గరగా పెట్టి కొడితే రెక్కలు వంగిపోతాయి.

మొదట బాగా చల్లబడి, పోనుపోను గాలి తగ్గిపోయి, ఏసీ కాసేపు ఆపితే మళ్లీ వస్తోందంటే లోపలి కాయిల్ మీద మంచు కడుతోందనుకోవచ్చు. చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనకుండే క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి. మట్టి కొట్టుకుపోయి ఉంటే మార్చేయండి. ఇది మీ చేత్తో అయ్యే పని. అప్పటికీ తగ్గకపోతే సెన్సరు, గ్యాస్ చూపించండి.

డాష్‌బోర్డులో టక్‌టక్ చప్పుడు వస్తూ, ఒక పక్క చల్లగాలి, మరో పక్క వేడిగాలి వస్తే లోపల గాలిని మళ్లించే మోటారు పాడై ఉండొచ్చు. బండి కింద నీళ్లు కారడం మామూలే; కాళ్ల దగ్గర చాప తడిసిందంటే మాత్రం డ్రెయిన్ పైపు మూసుకుపోయినట్టు.

ఇవన్నీ చూశాక గ్యాసే తక్కువని తేలితే, "లీకు ఎక్కడుందో ముందు చూపించండి" అని గట్టిగా అడగండి. లీకు బాగుచేసి, వాక్యూమ్ పెట్టి, బానెట్ కింది స్టిక్కరు మీదున్న గ్రాముల లెక్కన తూచి నింపమనండి. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది. ఎన్ని గ్రాములు పట్టిందో బిల్లు మీద రాయించుకోండి.